ఇంటిపట్టున రచన: వృత్తియా, వ్యసనమా?

వృత్తులలో చప్పుడు చేసేవి కొన్ని, చేయనివి కొన్ని. కమ్మరి సుత్తి మోగితే వీధికంతటికీ తెలుస్తుంది. మా వడ్డేపల్లికి దాపుననే ఉన్న రాజోలిలో మగ్గం ఆడుతున్నదంటే, ఆ ఇంట పని జరుగుతున్నదని దారిన పోయేవారు సైతం గ్రహిస్తారు. నేతగాడు గుంటమగ్గంలో దిగి కూర్చున్న తరువాత అతనిని లేపి అంగడికి పంపేవారు ఉండరు. కాని ఒక యువకుడో, యువతియో ఇంటి వసారాలో బల్ల ముందు కూర్చుని వ్రాసుకొంటూ ఉంటే మాత్రం, "ఊరికే ఉన్నావు గదా, గ్యాసు బండ వచ్చిందేమో కాస్త చూడు" అనే మాట ఏదో ఒక మూల నుండి వినబడకుండా ఉండదు. కలానికి మగ్గానికున్న చప్పుడు లేకపోవడమే దీనికి కారణం.

ఈ కళాశాల సంచికను చదివే విద్యార్థులలో రచనపై మక్కువ ఉన్నవారు కొందరైనా ఉంటారు. చదువు ముగిసిన తరువాత, ఉద్యోగంతో పాటుగానో, ఉద్యోగం దొరికేలోపుననో, లేక ఉద్యోగానికి బదులుగానో, ఇంటి నుండి వ్రాసి నాలుగు రూపాయలు సంపాదించవచ్చునా అని వారు తమలో తాము అనుకొంటూ ఉంటారు. అట్టివారి కొరకు, వారి భవిష్యత్తును గూర్చి ఆలోచించవలసిన కళాశాల పాలకవర్గం కొరకు, మా అభిప్రాయాలు కొన్ని ఇక్కడ విన్నవించదలచాము.

స్వేచ్ఛా రచయిత అనగా ఎవరు? ఏ ఒక్క సంస్థలోను జీతగాడు కాక, చేసిన పనికి ఇంత అని ప్రతిఫలం పుచ్చుకొంటూ, పలువురి కొరకు వ్రాసేవాడు. ఒకనాడు పత్రికకు వ్యాసం, మరునాడు ప్రచురణకర్తకు అనువాదం, ఆ మరునాడు ఒక విత్తన సంస్థకు రైతులకు అర్థమయ్యే కరపత్రం. కథ, కవిత వ్రాసేవారే రచయితలని లోకం అనుకొంటుంది. కాని జీవిక దృష్టితో చూసినప్పుడు, తప్పులు దిద్దడం, తర్జుమా చేయడం, ఒకరి జ్ఞాపకాలను విని గ్రంథస్థం చేయడం, ఆకాశవాణికి ప్రసంగపాఠం సిద్ధపరచడం — ఇవన్నీ రచనా వృత్తిలోని శాఖలే.

ఈ వృత్తిని గూర్చి మన మధ్య రెండు అభిప్రాయాలు ప్రచారంలో ఉన్నవి. ఒకటి పెద్దలది: "వ్రాత కూడు పెట్టదు" అని. రెండవది ఇటీవల ఫోనులలో కనిపించే ప్రకటనలది: "ఇంట్లో కూర్చుని నెలకు వేలకు వేలు సంపాదించండి" అని. మొదటిది యువకుని ఉత్సాహాన్ని మొగ్గలోనే త్రుంచుతుంది. రెండవది అతని చేతి పైకాన్నే ముందుగా అడుగుతుంది. పని ఇచ్చేవాడు పనివాని వద్ద రుసుము అడిగినాడంటే అది పని కాదని గ్రహించాలి. ఈ రెండు అభిప్రాయాలతోను మేము ఏకీభవించము. రచన కూడు పెట్టగలదు. అయితే పంటకు పట్టినట్లే దానికీ కాలం పడుతుంది, కాపలా అవసరమవుతుంది.

మన ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. గద్వాల సంస్థానానికి 'విద్వద్గద్వాల' అని పేరు. కవిపండితులు దూరదేశాల నుండి ఇక్కడికి వచ్చి, తమ విద్యను ప్రదర్శించి, సత్కారాలు అందుకొని వెళ్లేవారు. వనపర్తి, జటప్రోలు సంస్థానాలు కూడా పండిత పోషణలో పేరొందినవే. ఉర్దూ సాహిత్యం వైపు చూసినా ఇదే స్థితి. మీర్జా గాలిబ్ అంతటివాడు 1850లో బహదూర్ షా జఫర్ దర్బారులో తైమూరు వంశ చరిత్ర వ్రాయడానికి సంవత్సరానికి 600 రూపాయల వేతనంపై కుదురుకొన్నాడు. 1857తో ఆ దర్బారే లేకుండా పోయింది. మన సంస్థానాలు కూడా 1949 తరువాత చరిత్రలో కలిసిపోయినవి. ఒక్క ప్రభువు మీద ఆధారపడిన కవి, ఆ ప్రభువు పోగానే నిరాధారుడు అవుతాడన్నది ఇందులోని నీతి. నేటి స్వేచ్ఛా రచయితకు ప్రభువు ఒక్కడు కాడు, పలువురు. ఇది అతని కష్టం. ఇదే అతని రక్షణ కూడా.

సంస్థానాల నీడ నుండి పత్రికల వెలుగులోకి మన సాహిత్యాన్ని నడిపించిన మహనీయుడు మన జిల్లావాడే కావడం మనకు గర్వకారణం. సురవరం ప్రతాపరెడ్డిగారు 1896లో బోరవెల్లిలో జన్మించారు. వారి స్వగ్రామం ఇటికాలపాడు. న్యాయశాస్త్రం చదివి కూడా వారు తమ శక్తియుక్తులను పత్రికకు, పరిశోధనకు అర్పించారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించినప్పుడు, నైజాం రాష్ట్రంలో తెలుగు వ్రాసేవారు తక్కువ, చదివి చందా కట్టేవారు మరీ తక్కువ. పత్రికలో చాలా భాగం వారే వివిధ నామాలతో వ్రాసి నింపవలసి వచ్చేది. తెలంగాణలో కవులు లేరన్న మాట వచ్చినప్పుడు, వాదానికి దిగక, 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించి సమాధానం చెప్పారు. వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు, వారు గతించిన రెండేళ్లకు, 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగులో తన మొదటి పురస్కారాన్ని ఇచ్చింది.

ప్రతాపరెడ్డిగారు నేటి అర్థంలో స్వేచ్ఛా రచయిత అని మేము అనడం లేదు. వారు సంపాదకులు, ప్రజానాయకులు. కాని మన యువకులు వారి నుండి నేర్చుకోవలసిన వృత్తిధర్మాలు రెండు ఉన్నవి. మొదటిది, స్ఫూర్తి కలిగిననాడే కాక, పత్రిక వెలువడవలసిన ప్రతిసారీ వ్రాయడం. రెండవది, ఒక్క భాషకు కట్టుబడి ఉండకపోవడం. సంస్కృతం, తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు ఎరిగినవారు గనుకనే తెలుగువారి సాంఘిక జీవితాన్ని అన్ని వైపుల నుండి వారు చూడగలిగారు. అలంపురం వాస్తవ్యులు, 'సుజాత' పత్రికను నడిపిన గడియారం రామకృష్ణ శర్మగారు కూడా ఇట్టి బహుముఖ కృషి చేసినవారే. కాళోజీ 'నా గొడవ' 1953లో అదే అలంపురంలో శ్రీశ్రీ చేతుల మీదుగా ఆవిష్కరణ పొందిన సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసు? సాహిత్యం నగరాలలోనే పుడుతుందన్నది ఈ నేలకు వర్తించని మాట.

ఇక ప్రస్తుత స్థితికి వద్దాము. ఒకనాడు వర్ధమాన రచయిత కథ వ్రాసి, తిరుగు తపాలా బిళ్లలు జతపరచి వారపత్రికకు పంపి, నెలల తరబడి ఎదురుచూసేవాడు. అట్టి పత్రికలలో పెక్కు ఇప్పుడు లేవు. 1924లో ఆరంభమైన 'భారతి' 1991లో నిలిచిపోయింది. 2020 మహమ్మారి కాలంలో ఆగిన వారపత్రికలు కొన్ని మరల వెలువడలేదు. ఈ మాట విని నిరుత్సాహపడనక్కరలేదు. కథకు చోటు తగ్గిన మాట నిజమే. వ్రాత పని మాత్రం తగ్గలేదు. పాఠ్యపుస్తకాలు, ఆరోగ్య ప్రచార పత్రాలు, వినికిడి కథలు, చిత్రాలకు ఉపశీర్షికలు, సంస్థల నివేదికలు — వీటి కొరకు తప్పులు లేని తెలుగు, తప్పులు లేని ఉర్దూ వ్రాయగలవారిని వెదుకుతూనే ఉన్నారు. ఒకనాడు హైదరాబాదులో నివాసం లేనిదే ఇట్టి పని దొరికేది కాదు. నేడు వడ్డేపల్లి నుండి పంపిన వ్రాతప్రతి క్షణంలో చేరవలసిన చోటికి చేరుతున్నది. ఊరి దూరం అడ్డంకి కావడం మానింది. అడ్డంకులన్నీ ఇప్పుడు ఇంటిలోనే ఉన్నవి.

అందుచేత ఇంటి దినచర్యను గూర్చి కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది. పల్లెలోగాని, పట్టణంగా మారుతున్న మా వంటి ఊరిలోగాని, ఇంట ఉన్న మనిషి అందరి మనిషి. చుట్టాలు వస్తే ఎదురేగవలసినవాడు అతడే. రేషను దుకాణం వద్ద వరుసలో నిలవవలసినవాడు అతడే. విత్తన పత్తి చేలలో పువ్వుకు పువ్వు అద్దే పని ముమ్మరంగా సాగే శ్రావణ, భాద్రపద మాసాలలో, పదిమంది కూలీలను పిలుచుకొని రమ్మని పంపేదీ అతనినే. మా ఇంటికి వచ్చిన ఒక పెద్దమ్మ, "ఏం పని చేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. "వ్రాస్తున్నామమ్మా" అన్నాము. "అది సరే, పని ఏం చేస్తున్నవ్?" అని మరల అడిగింది. ఆమె పరిహాసానికి అనలేదు. చెమట కనబడని చోట పని ఉంటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆ పెద్దమ్మకు కోపంతో జవాబు చెప్పి ప్రయోజనం లేదు. వేళ పాటించడమే సరైన జవాబు. నేతగాని ఇంట ప్రాతఃకాలమే పని మొదలవుతుంది. ఒకరు కండెలు చుడితే ఒకరు నేస్తారు. రచయిత కూడా తనకంటూ రెండు వేళలు ఏర్పరచుకొని, వాటిని ఇంటివారికి స్పష్టంగా చెప్పాలి. మా అనుభవంలో తెల్లవారుజామున అయిదు గంటల నుండి ఎనిమిది వరకు చేసిన పని, పగలంతా చేసిన పనికి సమానం. ఊరు లేవదు, ఫోను మోగదు, ఎండ ముదరదు. రంజాన్ మాసంలో సహరీ అనంతరం, ఫజర్ నమాజు ముగించుకొని కూర్చున్నవారికి ఆ ప్రశాంతత మరింత బాగా తెలిసి ఉంటుంది. వేసవిలో మా ప్రాంతంలో మధ్యాహ్నం వ్రాయాలని కూర్చోవడం వృథా ప్రయాస. ఆ వేళను చదవడానికి, ఉత్తరప్రత్యుత్తరాలకు, వ్రాసినది దిద్దుకోవడానికి విడిచిపెట్టాలి. కరెంటు పోయినప్పుడు ఆగని పని కొంత ఎప్పుడూ చేతిలో ఉంచుకోవాలి. కాగితం మీద చిత్తుప్రతి వ్రాసే అలవాటు ఉన్నవానికి కరెంటు కోత పెద్ద శత్రువు కాదు.

మరొక సమస్య ఉన్నది. వ్రాయడం వచ్చిన మనిషి ఊరిలో ఉన్నాడని తెలిస్తే, దరఖాస్తులు పట్టుకొని నలుగురు వస్తారు. పింఛనుకు అర్జీ, పంట నష్టానికి విన్నపం, కొడుకు కళాశాల ప్రవేశానికి ఉత్తరం. ఇవి కాదనరాదు. అక్షరం నేర్చినవాడు అక్షరం నేర్వని పొరుగువానికి ఋణపడి ఉంటాడు. అయితే దీనికీ ఒక వేళ ఉండాలి. సాయంత్రం దీపాలు పెట్టిన తరువాత ఒక గంట అని నిర్ణయించి చెబితే జనం తప్పక గౌరవిస్తారు. ఊరికి చేసే ఆ సేవకు డబ్బు పుచ్చుకోకూడదు. పరిశ్రమలకు, సంస్థలకు చేసే పనిని ఉచితంగా చేయకూడదు. ఈ రెంటి మధ్య గీత గీసుకోలేనివాడు, కొంతకాలానికి ఊరి మీద విసుగుచెందుతాడు, లేదా వృత్తిని విడిచిపెడతాడు.

ఇక ప్రతిఫలం మాట. దీనిని గూర్చి మాట్లాడడం చిన్నతనమని మన సాహిత్యపరులలో ఒక సంకోచం ఉన్నది. గద్వాల చీర నేసేవాడు నూలు ఒడలికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేస్తాడు. అది కళ కాదని ఎవరనగలరు? అయినా ఆసామి నుండి నూలు, పట్టు అందుకొనేటప్పుడే చీరకు కూలి ఎంతో అతడు తెలుసుకొంటాడు. కూలి అడిగినంత మాత్రాన అతని కళకు లోపం రాలేదు. రచయితకు మాత్రం ఎందుకు రావాలి?

మాకు తెలిసిన ఒక ఉదంతం చెబుతాము. ఒక సంస్థ, దాని పేరు ఇక్కడ అనవసరం, మా చేత అరవై పుటల పుస్తకాన్ని తెలుగు చేయించుకొన్నది. కాగితం మీద ఏదీ పెట్టకపోవడం ఆ సంస్థ పద్ధతి. పుస్తకం అచ్చయి, పంచిపెట్టబడి, సభ కూడా జరిగిన తరువాత, అనుకొన్న మొత్తంలో సగం వచ్చింది. మిగిలిన సగానికి ఉత్తరాలే మిగిలినవి. ఇట్టివి మా ఒక్కరికే జరిగినవి కావు; ఈ దారిన నడిచిన ప్రతివారికీ ఇటువంటి కథ ఒకటి ఉంటుంది. వీటిని విని నిట్టూర్చి ఊరుకోవడం కంటె, చట్టం ఏమంటున్నదో విద్యార్థి దశలోనే తెలుసుకోవడం మేలు.

1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు మొదటి హక్కుదారు రచయితే. ఉద్యోగంలో భాగంగా వ్రాసినదానిపై, వేరు ఒప్పందం లేకుంటే, యజమానికి హక్కు ఉంటుంది. స్వతంత్రంగా వ్రాసినదానిపై హక్కు రచయితది. ఆ హక్కును మరొకరికి బదలాయించాలంటే, సంతకంతో కూడిన వ్రాతపూర్వకమైన పత్రం ఉండి తీరాలి. ఆ పత్రంలో కాలపరిమితి చెప్పకపోతే అయిదు సంవత్సరాలుగాను, ప్రదేశం చెప్పకపోతే భారతదేశం వరకుగాను చట్టం భావిస్తుంది. రచయిత జీవితకాలం, ఆయన మరణానంతరం 60 సంవత్సరాలు ఈ హక్కు నిలుస్తుంది. ఒకరి పుస్తకాన్ని అనువదించాలన్నా ఆ హక్కుదారు అనుమతి కావాలి. ఈ నాలుగు సంగతులు తెలిసిన యువకుడు పెద్ద సంస్థ ముందైనా తలవంచుకొని నిలబడనక్కరలేదు. పని మొదలుపెట్టే ముందు, ఏమి వ్రాయాలి, ఎప్పటికి ఇవ్వాలి, ఎంత ఇస్తారు, ఎన్నాళ్లలో ఇస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేయాలి అనే అయిదు విషయాలను ఒక ఉత్తరంగా వ్రాసి పంపి, "సరే" అన్న జవాబు వచ్చిన తరువాతనే కలం పట్టాలి. ఇది అవిశ్వాసం కాదు. పెళ్లి సంబంధానికే లగ్నపత్రిక వ్రాసుకొనే సంప్రదాయం మనది. నికాహ్‌కు నికానామా వ్రాసుకొనే ఆచారమూ ఉన్నది.

లెక్కల పుస్తకం కూడా అంతే అవసరం. పని ఒప్పుకొన్న తేదీ, ఇచ్చిన తేదీ, డబ్బు వచ్చిన తేదీ — ఈ మూడు గడులు గీసుకొని ఒక సంవత్సరం వ్రాసి చూడండి. ఎవరు మంచివారో, ఎవరు మాటకారులో ఆ పుస్తకమే చెబుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో లేనిదే, మరొక ఆదాయం ఉన్నవారు దానిని విడిచి రావద్దని మా హితవు. ట్యూషన్లు చెప్పుకొంటూ వ్రాయవచ్చు, దుకాణం చూసుకొంటూ వ్రాయవచ్చు, వ్యవసాయం చేసుకొంటూ వ్రాయవచ్చు. తుంగభద్ర నీరు రాజోలిబండ కాలువలో వస్తుందని ఆశపడి, బావిని పూడ్చుకొనే రైతు మా ప్రాంతంలో లేడు. కాలువ చివరి భూములవారికి ఈ మాటలోని బరువు బాగా తెలుసు.

విద్యార్థినులను గూర్చి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. ఇంటి నుండి వ్రాయడం స్త్రీలకు అనువైన వృత్తి అని పలువురు అంటారు. అందులో కొంత నిజం ఉన్నది. యద్దనపూడి సులోచనారాణిగారి వంటి రచయిత్రుల నవలల కొరకు 1960, 70 దశకాలలో వారపత్రికలు పోటీపడినవి. పాఠకులు వారం వారం వేచి ఉన్నారు. ఉర్దూలో జీలానీ బానోగారు హైదరాబాదు జీవితాన్ని 'ఐవానె గజల్' నవలగా మలచి దేశమంతటా పేరు పొందారు. అయితే ఈ ఉదాహరణలను చూపి, "ఇంట్లోనే వ్రాసుకో, పై చదువు ఎందుకు?" అనే తల్లిదండ్రులు కూడా ఉన్నారు. మేము దీనిని గట్టిగా ఖండిస్తున్నాము. ఇంటి నుండి పని చేయడం ఒకరు స్వయంగా ఎంచుకొన్నప్పుడే స్వేచ్ఛ. తలుపు మూసి, కలం చేతికిస్తే అది స్వేచ్ఛా రచన అనిపించుకోదు. పైగా, పొయ్యి వద్ద పని, పిల్లల పని అంతా ముగించిన తరువాత మిగిలిన అర్ధరాత్రి మాత్రమే ఆమెకు ఇచ్చి, "ఇంట్లోనే ఉన్నావు గదా" అనడం న్యాయం కాదు. అన్నకు పరీక్షల కాలంలో ఇచ్చే నిశ్శబ్దాన్ని చెల్లెలి రచనా వేళకు కూడా ఆ ఇల్లు ఇవ్వగలగాలి.

ఇప్పుడు మన కళాశాలకు ప్రత్యేకమైన విషయానికి వస్తాము. ఇక్కడ ఉర్దూ, తెలుగు రెండూ పక్కపక్కన వినబడుతున్నవి. ఈ పత్రికే అందుకు నిదర్శనం. చాలామంది దీనిని అలవాటైన సంగతిగా చూస్తారు. మేము దీనిని మూలధనంగా చూస్తున్నాము. 1956కు పూర్వం గద్వాల, అలంపురం తాలూకాలు హైదరాబాదు రాజ్యంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి. నైజాం ప్రభుత్వ భాష ఉర్దూ. ఆనాటి భూమి దస్తావేజులు, సేత్వారులు, తీర్పులు ఎన్నో ఉర్దూలో ఉన్నవి. తాతగారి పెట్టెలో దాచిన కాగితం తమ పొలానికి సంబంధించినదే అని తెలిసి కూడా, అందులో ఏమున్నదో చదవలేని కుటుంబాలు ఎన్ని లేవు? పట్వారీ శికస్తా వ్రాతను, ఫసలీ సంవత్సరాలను, ఆజర్, దై, బహమన్ అనే నెలలను ఎరిగిన వృద్ధులు ఏటేటా తగ్గిపోతున్నారు. ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుందన్న చిన్న లెక్క కూడా నేటి యువకులకు తెలియదు. ఉర్దూ చదివి, తెలుగులో స్పష్టంగా వ్రాయగల విద్యార్థికి ఇక్కడ గౌరవప్రదమైన పని ఉన్నది. తెలంగాణ శాసనసభ 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేస్తూ చట్టం చేసిన తరువాత, రెండు భాషల మధ్య నడిచే వ్రాత పనికి ప్రాముఖ్యం మరింత పెరిగింది. ఒక హెచ్చరిక మాత్రం అవసరం. అనువాదకుడు కాగితంలో ఉన్నది చెప్పాలి. భూమి ఎవరిదో తేల్చే పనికి పూనుకోరాదు. ఒక్క పదం తప్పినా రెండు కుటుంబాలు కోర్టుకు ఎక్కే ప్రమాదం ఉన్నది.

ఇప్పుడు యంత్రాలే వ్రాస్తున్నవి గదా, ఇక రచయిత ఎందుకు అని అడిగేవారు ఉన్నారు. యంత్రం వేగంగా వ్రాస్తుంది, చౌకగా వ్రాస్తుంది. దీనిని కాదనడం లేదు. మామూలు ప్రకటనలు, మూసలో పోసిన వ్యాసాలు వ్రాసి బ్రతుకుదామనుకొన్నవారికి అది నిజంగానే పోటీ. కాని పాతబడి చిరిగిన దస్తావేజును చేతితో పట్టుకొని, ఆ ఊరి పొలాల పేర్లు, వాగుల పేర్లు తెలిసి చదివేవాని స్థానం వేరు. ముసలి నేతగాని పక్కన కూర్చుని, 2009 అక్టోబరు వరదలో రాజోలి మునిగిననాడు మగ్గాలు ఏమైనవో విని వ్రాయడానికి మనిషే కావాలి. దూరాన ఉన్నవారికి తెలియనిది, మనకు మాత్రమే తెలిసినది ఏదో దానిని వ్రాయడమే యంత్రయుగంలో రచయితకు దారి. యంత్రం సాయం తీసుకొన్నప్పుడు ఆ సంగతిని పని ఇచ్చినవారికి చెప్పడం నిజాయితీ.

కళాశాల పాలకవర్గానికి మా విన్నపాలు మూడు. మొదటిది: పూర్వ విద్యార్థులకు కూడా వారానికి రెండు సాయంత్రాలైనా గ్రంథాలయం తెరిచి ఉంచండి. ఇంట బల్ల లేనివానికి బల్ల, నిఘంటువు కొనలేనివానికి నిఘంటువు అక్కడ దొరకాలి. రెండవది: ఉర్దూ దస్తావేజులు చదవగల పెద్దలను పిలిచి, సంవత్సరానికి పది రోజులైనా శికస్తా వ్రాతను, పాత లెక్కలను విద్యార్థులకు నేర్పించండి. దానితో పాటు ఒప్పందాలు, కాపీరైట్ చట్టం గురించి ఒక న్యాయవాది చేత రెండు తరగతులు చెప్పించండి. మూడవది చిన్నదే, కాని మా దృష్టిలో ముఖ్యమైనది: ఈ సంచికలో అచ్చయ్యే ప్రతి విద్యార్థి రచనకు, ఎంత స్వల్పమైనా సరే, పారితోషికం ఇచ్చి రసీదు తీసుకోండి. క్రీడలలో గెలిచినవారికి బహుమతులు ఇస్తున్నాము. వ్రాసినవారికి చప్పట్లతో సరిపెడుతున్నాము. తన వ్రాతకు మొదటి రూపాయి తన కళాశాల చేతి నుండే అందుకొన్న విద్యార్థి, రేపు ఏ సంస్థ ముందైనా తన పనికి విలువ అడగడానికి సిగ్గుపడడు. ఆ అలవాటు నేర్పడం కూడా విద్యలో భాగమే.

విద్యార్థి మిత్రులారా! రచనను వ్యసనంగా చూసినవాడు మనసు పుట్టినప్పుడు వ్రాస్తాడు. వృత్తిగా చూసినవాడు మాట ఇచ్చిన తేదీకి వ్రాస్తాడు. ఈ రెండవ మార్గంలో తొలి రెండు మూడు సంవత్సరాలు ఆదాయం తక్కువ, అవమానం ఎక్కువ. ఆ కాలాన్ని దాటడానికి కావలసినవి ఉదయపు మూడు గంటలు, ఒక లెక్కల పుస్తకం, తప్పులు లేని రెండు భాషలు, అడగడానికి వెరవని నోరు. ఇవి ధనికులకే దొరికే వస్తువులు కావు. మీ ఇంట ఎవరైనా బల్ల ముందు మౌనంగా కూర్చుని వ్రాస్తూ ఉంటే, ఆ కాసేపు వారిని పిలవకండి. వారి పని వారు ముగించుకొని లేచిన తరువాత గ్యాసు బండ సంగతి చెప్పవచ్చు.